నల్లరాతిలో నీలి గుత్తి: కావన్‌సైట్‌ను పోల్చుకోవడం, వెల కట్టడం

కావన్‌సైట్ ముదురు నీలం రంగు ఖనిజం. కాల్షియం, వెనేడియం, సిలికాన్, ఆక్సిజన్‌లతో పాటు నీటిని కూడా తన కట్టడంలో ఇముడ్చుకుంటుంది. తూకంలో సుమారు 16 శాతం నీరే, వెనేడియం 11 శాతం. 1960లలో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో రెండు చోట్ల, ఓవైహీ డ్యామ్ దగ్గర, గోబుల్ దగ్గర ఇది మొదట కంటబడింది. లాయిడ్ స్టేపుల్స్, హోవర్డ్ ఎవాన్స్, జేమ్స్ లిండ్సే 1973లో దీన్ని కొత్త ఖనిజంగా వర్ణించారు. అక్కడ దొరికినవి చిన్న స్ఫటికాలు, అవీ కొద్దిగానే. సేకర్తల బీరువాల్లోకి దీన్ని నిజంగా తెచ్చింది మాత్రం పుణెకు తూర్పున అహ్మద్‌నగర్ రోడ్డు మీద ఉన్న వాఘోలి కంకర క్వారీలు. 1980ల చివరి నుంచి ప్రపంచంలో పేరున్న కావన్‌సైట్ మచ్చులు దాదాపు అన్నీ అక్కడి నుంచి వచ్చినవే. అరుదైన ఖనిజాన్ని ఎలా పోల్చుకుంటారు, దానికి ధర ఎలా పలుకుతుంది అని తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మన దేశంలో దొరకడం కష్టం.

వాఘోలి రాయి దక్కన్ బసాల్ట్. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట భూమి పగుళ్ల నుంచి పొంగిన లావా పొర మీద పొరగా పరుచుకుని గట్టిపడిన నల్లరాయి ఇది. ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర ఉంది. వికారాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లోని నల్లరాయి దీని అంచే. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడిలలో గోదావరికి ఇరువైపులా కనిపించే బసాల్ట్ కూడా ఈ కుటుంబానిదేనని, పడమటి కనుమల వైపు పుట్టిన లావా పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్ల దాకా పారి అక్కడికి చేరిందని పరిశోధకుల అంచనా.

లావా చల్లబడేటప్పుడు అందులోని వాయువులు బుడగలుగా చిక్కుకుపోయి గుల్లలు మిగులుతాయి. తర్వాతి కాలంలో వేడెక్కిన భూజలం రాతిలోంచి సిలికా, కాల్షియం, అల్యూమినియం వంటివి కరిగించుకుని ఈ గుల్లల్లోకి ఊరుతుంది. అక్కడ తెల్లని స్టిల్‌బైట్, హ్యులాండైట్, పలకలు తేరిన అపోఫిలైట్, కాల్సైట్ ఒకదాని తర్వాత ఒకటి పేరుకుంటాయి. 1863లో పూర్తయిన భోర్ ఘాట్ రైలు మార్గం కోసం కనుమలు తొలిచినప్పుడే ఇలాంటి స్ఫటికాలు బయటపడి ఐరోపా మ్యూజియంలకు చేరాయి. ఇప్పటికీ బావులు, క్వారీలు, రోడ్డు పనులే వీటికి గనులు. స్ఫటికాల కోసమే తవ్వే వాళ్లు తక్కువ. కంకర కోసం పేల్చిన రాతిలో అవి బయటపడతాయి.

ఇదే గూట్లో కావన్‌సైట్ అంత అరుదుగా ఎందుకు ఉంటుంది? బసాల్ట్‌లో వెనేడియం కొత్తేమీ కాదు. పది లక్షల పాళ్లలో కొన్ని వందల పాళ్లు మామూలుగానే ఉంటుంది. అయితే అది ఎక్కువగా ఇనుప ఖనిజాల్లో ఇరుక్కుని, మూడు ఆవేశాల స్థితిలో ఉంటుంది. కావన్‌సైట్‌కు కావలసింది నాలుగు ఆవేశాల వెనేడియం. నీటిలో ఆక్సిజన్ చాలకపోతే ఆ స్థితికి రాదు. మరీ ఎక్కువైతే ఐదో స్థితికి వెళ్లిపోయి వేరే ఖనిజాలు కడుతుంది. ఆ ఇరుకు సందులో, తగినంత కాల్షియం, సిలికా ఉన్న చోట మాత్రమే ఈ నీలం పుడుతుంది. ఆ రంగు ఇచ్చేది కూడా ఒక ఆక్సిజన్‌ను కరుచుకున్న ఈ వెనేడియమే. ఇదే అయాన్ అపోఫిలైట్‌లో లేశమాత్రంగా చేరితే స్ఫటికం పచ్చగా కనిపిస్తుందని పుణె అపోఫిలైట్ మీద జరిగిన పరిశోధన 1974లో తేల్చింది. అన్నట్టు, స్టిల్‌బైట్, హ్యులాండైట్ వంటి జియోలైట్ల నడుమ పెరిగినా కావన్‌సైట్ జియోలైట్ కాదు. వాటిలో సాధారణంగా ఉండే అల్యూమినియం దీని కూర్పులో లేదు.

పోల్చుకునే పని కంటితోనే మొదలవుతుంది. కావన్‌సైట్ స్ఫటికాలు ఒంటరిగా ఉండటం తక్కువ. సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఒక కేంద్రం నుంచి అన్ని వైపులకూ విచ్చుకుని బఠాణీ గింజంత, గోళీకాయంత గుత్తులు కడతాయి. 2 సెంటీమీటర్లు దాటిన గుత్తి పెద్దదే. రంగు ఆకాశనీలం నుంచి కొద్దిగా ఆకుపచ్చ తగిలిన నీలం దాకా ఉంటుంది. గాజు మెరుపు. పింగాణీ పలక మీద గీస్తే పడే చార లేత నీలం. కాఠిన్యం మోస్ కొలమానంపై 3 నుంచి 4, అంటే చాకు మొన సులువుగా గీరుతుంది. నీటికంటే సుమారు 2.2 నుంచి 2.3 రెట్లు బరువు, కాబట్టి చేతిలో తేలికే. అయితే ప్రదర్శనకు పనికొచ్చే మచ్చు మీద ఈ గీరుడు పరీక్షలు చేసేవాళ్లు ఉండరు. ఒక్క గీత పడితే ధర సగానికి పడిపోతుంది. విరిగి రాలిన ముక్క ఉంటే దాని మీదే అన్ని ప్రయోగాలూ.

నీలం ఖనిజాలు చాలానే ఉన్నా, ఈ నాలుగైదు లక్షణాలతో ఎక్కువ భాగం పక్కకు తప్పుకుంటాయి. అజురైట్ రాగి కార్బనేట్. చేతికి బరువుగా తగులుతుంది, నీటికంటే 3.7 రెట్ల పైనే. పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క పడితే బుసబుస పొంగుతుంది. చాల్కాంథైట్ రాగి సల్ఫేట్, అంటే మన మైలుతుత్తమే. తడి తగిలితే కరిగిపోతుంది. బజారులో కనిపించే పెద్ద, మెరిసే చాల్కాంథైట్ స్ఫటికాలు చాలావరకు గిన్నెలో పెంచినవి. ఇక కావన్‌సైట్ ముక్క మీద ఆమ్లం చుక్క వేసి బుడగలు చూసి కంగారు పడేవాళ్లున్నారు. పొంగేది దాని కింద ఉన్న కాల్సైట్, కావన్‌సైట్ కాదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. ఒరెగాన్‌లో కావన్‌సైట్‌తో పాటే ఇంకో నీలం ఖనిజం బయటపడింది, దాని పేరు పెంటగోనైట్. రెండింటి రసాయన కూర్పు అణువు తేడా లేకుండా ఒకటే. తేడా అమరికలో ఉంది. రెండింటిలోనూ సిలికాన్-ఆక్సిజన్ చతుర్ముఖులు పొరలుగా కూడి, ఆ పొరలను వెనేడియం, కాల్షియం కలిపి పట్టుకుంటాయి. కావన్‌సైట్ పొరలో నాలుగేసి, ఎనిమిదేసి చతుర్ముఖుల వలయాలుంటాయి. పెంటగోనైట్‌లో ఆరేసి వలయాలు. పెంటగోనైట్ స్ఫటికాలు తరచు ఐదు కలిసి పెరిగి, అడ్డంగా చూస్తే ఐదు కోణాల నక్షత్రంలా కనిపిస్తాయి. ఇది వాఘోలిలోనూ దొరుకుతుంది, కానీ కావన్‌సైట్‌తో పోలిస్తే చాలా తక్కువ. ఒకే క్వారీ, ఒకే రంగు, ఒకే కూర్పు, అయినా ధరలో మాత్రం చాలా తేడా. అందుకే కావన్‌సైట్‌ను పెంటగోనైట్ అని అమ్మడం తరచు జరుగుతుంది. అందులో మోసం ఎంతో, తెలియనితనం ఎంతో చెప్పడం కష్టం.

అనుభవమున్న కన్ను ఆకారాన్ని బట్టి ఊహిస్తుంది. కావన్‌సైట్ గుత్తి బిగువుగా, గుండ్రంగా ఉంటుంది. పెంటగోనైట్ పొడవాటి కత్తుల్లా, వదులుగా, ముళ్లకంపలా విచ్చుకుంటుంది. కానీ వదులుగా పెరిగిన కావన్‌సైట్లు కూడా ఉన్నాయి, కాబట్టి ఆకారం సాక్ష్యమే తప్ప తీర్పు కాదు. ఇక్కడ చాలామంది చేసే పని, దగ్గరలోని ల్యాబులో ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ యంత్రం కింద పెట్టి మూలకాల చిట్టా తెచ్చుకోవడం. ఆ చిట్టా ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. కాల్షియం, వెనేడియం, సిలికాన్ రెండింటిలోనూ ఒకే నిష్పత్తిలో ఉన్నాయి. నీటిలోని హైడ్రోజన్‌ను ఆ యంత్రం అసలు చూడనే చూడదు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు జోడించిన మూలక విశ్లేషణదీ ఇదే పరిమితి. కావలసింది అమరికను చూసే పరికరం. పొడి చేసిన కొద్దిపాటి రజను ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌కు ఇస్తే రెండింటి గీతల వరస స్పష్టంగా వేరుగా వస్తుంది. మచ్చును చెడగొట్టకూడదనుకుంటే రామన్ స్పెక్ట్రోస్కోపీ ఉంది. లేజరు కాంతిని సన్నటి చుక్కగా స్ఫటికం మీద పడేలా చేసి, చెదిరి వచ్చే కాంతిని ఆ ఖనిజపు ముద్రతో పోలుస్తారు. పోలరైజింగ్ మైక్రోస్కోపు, తగిన నూనెలు ఉన్న పాతతరం ల్యాబులోనూ పని జరుగుతుంది. కాంతి గుణాల్లో కావన్‌సైట్ ధన చిహ్నం చూపిస్తుంది, పెంటగోనైట్ రుణ చిహ్నం. ల్యాబుకు పంపే ముందు అడగవలసిన ప్రశ్న ఏమిటో తెలుసుకోకపోతే, ఎంత ఖరీదైన యంత్రమైనా పనికిరాని కాగితమే చేతిలో పెడుతుంది.

పేరు తేలాక తేల్చవలసింది, ప్రకృతి చేసిందా, మనిషి అతికించాడా అని. క్వారీలో పేలుడుకు గుత్తులు రాతి నుంచి ఊడి రాలిపోతాయి. విడి గుత్తికి విలువ తక్కువ. అదే గుత్తి తెల్లటి స్టిల్‌బైట్ పరుపు మీద కూర్చుంటే విలువ పెరుగుతుంది. ఆ ఆశ పుట్టించిన పనే జిగురు. 10 రెట్లు పెద్దగా చూపే లూప్ కింద గుత్తి మొదలును నిదానంగా చూడాలి. నిజంగా అక్కడే పెరిగిన గుత్తి కింది భాగం పరుపులోకి దిగి ఉంటుంది. చుట్టూ ఉన్న చిన్న స్టిల్‌బైట్ స్ఫటికాలు కొన్ని దాని మీదికి ఎక్కి ఉంటాయి, కొన్ని దాని కింద నలిగి ఉంటాయి. రెండు ఖనిజాలూ ఒకదాన్నొకటి ఒత్తుకుంటూ పెరిగిన గుర్తు అది. అతికించిన దాంట్లో గుత్తికీ పరుపుకీ మధ్య సన్నటి సందు గానీ, మెరిసే గీత గానీ, రాతి పొడి కలిపి పూసిన మసక ముద్ద గానీ కనిపిస్తుంది. గుత్తి సగం విరిగిపోయి, విరిగిన వైపు కిందకు తిప్పి ఉంటే మరీ అనుమానించాలి. గుత్తి నడుమ కేంద్రం ఎక్కడుందో సూదుల దిశను బట్టి వెనక్కి గీసుకుంటే, గుత్తి మధ్యలో తెగినట్టు తెలిసిపోతుంది. చీకటి గదిలో అతినీలలోహిత దీపం వేస్తే చాలా జిగుర్లు తెల్లగానో లేత నీలంగానో వెలుగుతాయి. కావన్‌సైట్ మాత్రం వెలగదు.   అన్ని జిగుర్లూ వెలగవు గనుక దీపం కింద ఏదీ వెలగకపోతే అసలైనదని అనుకోకూడదు.

రంగు వేసినవి ఇంకో రకం. మహారాష్ట్ర బసాల్ట్‌లోనే దొరికే ఒకెనైట్ దూది ఉండలా తెల్లగా, మెత్తటి నూగుతో ఉంటుంది. దానికి నీలం, గులాబీ రంగులు ఎక్కించి అమ్మడం బజారులో మామూలే. అసిటోన్‌లో ముంచిన దూది పుల్లతో మూల అంచును తాకితే చాలా రంగులు అంటుకుంటాయి. నూగు కుదుళ్లలో రంగు మడుగు కట్టిందా, పగుళ్లలోకి పాకిందా అన్నదీ లూప్‌తో తెలుస్తుంది.

ఇక ఊరు. ఖనిజ మచ్చుకు దొరికిన చోటు తెలియకపోతే శాస్త్రానికి దాని ఉపయోగం సగం పోయినట్టే, బజారులోనూ అంతే. పేరు, క్వారీ, తాలూకా, జిల్లా, దొరికిన సంవత్సరం, ఎవరి చేతుల మీదుగా వచ్చింది అన్న చీటీ మచ్చుతో పాటు ఉండాలి. పాత చీటీ చిరిగినా పారేయకూడదు, కొత్త చీటీతో పాటు పక్కన పెట్టాలి. బ్రూక్లిన్ వంతెన నిర్మాణాన్ని నడిపించిన వాషింగ్టన్ రోబ్లింగ్ ఖనిజ పిచ్చివాడు. తెలిసిన ప్రతి ఖనిజమూ ఒక్కటైనా తన దగ్గర ఉండాలని పట్టుబట్టి సుమారు 16 వేల మచ్చులు కూడబెట్టాడు. ఆయన చనిపోయాక అవి స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరాయి. అలాంటి సేకరణ నుంచి వచ్చినట్టు చీటీ ఉన్న మచ్చుకు సేకర్తలు ఎక్కువ ఇవ్వడానికి వెనుకాడరు.

అయితే చీటీని కళ్లు మూసుకుని నమ్మడానికి లేదు. ఆర్థర్ కింగ్స్‌బరీ ఇంగ్లండులో పేరు మోసిన ఔత్సాహిక ఖనిజ శాస్త్రవేత్త. కార్న్‌వాల్, డెవన్, కంబ్రియా గనుల్లో అరుదైన ఖనిజాలు దొరికాయంటూ ఎన్నో ప్రకటనలు చేశాడు. 1968లో చనిపోయాక ఆయన సేకరణ లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకు చేరింది. అక్కడి పరిశోధకులు మచ్చులను తిరిగి చూస్తే, వేరే చోట్ల దొరికిన ఎన్నో పాత మచ్చులకు ఇంగ్లండు ఊళ్ల పేర్లు రాసి ఉన్నట్టు తేలింది. ఖనిజం అసలైనదే, పేరూ సరైనదే, ఊరే అబద్ధం. ఒక దేశపు ఖనిజ జాబితానే సవరించుకోవలసి వచ్చింది. చుట్టూ ఉన్న రాయి, తోడు ఖనిజాలు చీటీలోని ఊరికి సరిపోతున్నాయా అని చూసే అలవాటు దీనికి విరుగుడు. వాఘోలి కావన్‌సైట్ అన్న చీటీతో నాపరాయి ముక్క వస్తే అక్కడే ఆగాలి.

పేరు, సహజత్వం, ఊరు నిలబడ్డాకే ధర మాట. ఇక్కడ కొత్తవాళ్లు అరుదైనదల్లా ఖరీదైనదే అనుకుంటారు. రాబర్ట్ హేజెన్, జెస్సీ అసుబెల్ 2016లో లెక్క తీస్తే, అప్పటికి తెలిసిన 5 వేల పైచిలుకు ఖనిజాల్లో సగానికి సగం, దాదాపు 2,500, ప్రపంచం మొత్తంలో ఐదు చోట్ల లోపే దొరికేవని తేలింది. వాటిలో ఎక్కువ భాగం కంటికి ఆనని గోధుమ రంగు రజను. పరిశోధకుడికి అవి బంగారమే గానీ బీరువాలో పెట్టుకోవడానికి కొనేవాళ్లు కొద్దిమంది. కావన్‌సైట్‌ది దీనికి తలకిందుల పరిస్థితి. భూమి మీద దొరికే చోట్లు అతి కొద్ది, కానీ ఒక్క వాఘోలి నుంచే వేలాది మచ్చులు బజారుకు వచ్చాయి. అందుకే మామూలు చిన్న గుత్తి విద్యార్థి కూడా కొనుక్కోగలడు. మేలైన మచ్చు మాత్రం వేల డాలర్లు పలుకుతుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే ఖనిజం.

ఆ తేడా తెచ్చేవాటిలో మొదటిది దెబ్బ లేకపోవడం. పేలుడు, సుత్తి, సంచిలో ఒరిపిడి దాటుకుని, కొస విరగని గుత్తి రావడమే గొప్ప. లూప్ కింద గుత్తి పైభాగమంతా తిప్పి చూస్తారు. ముందు వైపు, చూపు మొదట పడే చోట విరిగితే ధర బాగా తగ్గుతుంది. వెనక వైపు దెబ్బను క్షమిస్తారు. తర్వాత రంగు చిక్కదనం, మెరుపు. ఆపైన గుత్తికీ పరుపుకీ ఉన్న పొందిక. తెల్లని, పగలని స్టిల్‌బైట్ మధ్యలో ఒంటరిగా నిలబడ్డ నీలి బంతిని, నల్లరాతి మీద చెల్లాచెదురుగా ఉన్న పది బంతుల కంటే ఎక్కువ ఇచ్చి కొంటారు. తూకానికి ఇక్కడ పని లేదు. కిలో రాయికి కాదు ధర, అందులో కనిపించే పది గ్రాముల నీలానికి.

పరిమాణానికి సేకర్తల లోకంలో వాడుక పేర్లున్నాయి. అంగుళం ఘనంలో ఇమిడేది థంబ్‌నెయిల్, రెండంగుళాల్లో ఇమిడేది మినియేచర్, అరచేతిని నింపేది క్యాబినెట్. ధర పరిమాణంతో పాటు సమంగా పెరగదు. రెండింతలు పెద్దదైన నిర్దోషమైన గుత్తి రెండింతలు కాదు, ఎన్నో రెట్లు అరుదు, కాబట్టి ధర ఎగబాకుతుంది. విరిగిన ముక్కను తిరిగి అదే చోట అతికిస్తే దాన్ని మరమ్మతు అంటారు, లేని భాగాన్ని రెసిన్‌తో పూరిస్తే పునర్నిర్మాణం. రెండూ అబద్ధం కాదు, చెప్పకుండా అమ్మడమే అబద్ధం. చెప్పి అమ్మినా ధర తగ్గుతుంది.

ఒకే మచ్చుకు ఒకే ధర ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. క్వారీలో ఏరినవాడికి ముట్టేది ఒకటి, పుణెలో వ్యాపారి చేతిలో ఒకటి, ఫిబ్రవరిలో అమెరికాలోని టూసాన్‌లో జరిగే ఖనిజ ప్రదర్శనలో బల్ల మీద చీటీకి తగిలించింది ఇంకొకటి. బల్ల మీద రాసిన ధర అడిగే ధరే, అమ్ముడుపోయిన ధర కాదు. వెల కట్టే నిపుణుడు అందుకే గతంలో నిజంగా అమ్ముడైన, అదే ఊరిది, దాదాపు అదే పరిమాణం, అదే స్థితి ఉన్న మచ్చుల ధరలతో పోలుస్తాడు. బీమా కోసం కట్టే వెల, తిరిగి కొనుక్కోవడానికి ఎంత అవుతుందన్న లెక్క కాబట్టి ఎక్కువ ఉంటుంది. అమ్మకం కోసం కట్టేది వ్యాపారి లాభం తీసేసిన తర్వాత మిగిలేది కాబట్టి తక్కువ. నిర్ధారణ కాగితం ఇచ్చే చోటే కొనడానికీ ముందుకొస్తే ఆ వెలను ఇంకో చోట సరిచూసుకోవడం మేలు.

సరఫరా ఎంతకాలం ఉంటుందన్నదీ ధరలో కలుస్తుంది. క్వారీలు లోతు పెరిగి ఆగిపోవచ్చు. పుణె నగరం వాఘోలి దాకా పెరిగి వచ్చింది. మరోవైపు, ఒక కొత్త గుల్ల తెరుచుకుంటే ఒక్క నెలలో వందల మచ్చులు బజారుకు వచ్చి మధ్యరకం ధరలు పడిపోతాయి. మేలైన వాటి మీద మాత్రం ఈ ఆటుపోట్ల ప్రభావం తక్కువ.

కొన్నాక చెడగొట్టుకోవడం చాలా తేలిక. కావన్‌సైట్‌నూ, దాని కింది స్టిల్‌బైట్‌నూ వేడి చేస్తే వాటిలోని నీరు పోయి మెరుపు తగ్గుతుంది. కాబట్టి వేడెక్కే దీపాల కింద, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టరు. ఇనుప మరకలు వదిలించే ఆమ్లాలు పరుపులోని కాల్సైట్‌ను తినేస్తాయి. అల్ట్రాసోనిక్ తొట్టిలో వేస్తే సూదులు రాలిపోతాయి. దుమ్ముకు కెమెరా లెన్సులకు వాడే గాలి బుర్ర చాలు. గుత్తిని ఎప్పుడూ వేలితో తాకరు, రాతిని అడుగు నుంచి పట్టుకుంటారు. రవాణాలో దూదిలో చుట్టడం మరో పొరపాటు. పోగులు సూదులకు చిక్కుకుని తీసేటప్పుడు వాటిని విరిచేస్తాయి. రాతి అడుగును పెట్టెకు గట్టిగా బిగించి, పైన గుత్తికి ఏదీ తగలకుండా ఖాళీ వదలాలి.

వాఘోలి మచ్చులను దగ్గరగా చూడాలనుకునేవారికి నాసిక్ దగ్గర సిన్నర్‌లోని గార్గోటి ఖనిజ మ్యూజియం ఉంది. దక్కన్ గుల్లల్లో పెరిగిన అపోఫిలైట్, స్టిల్‌బైట్, కావన్‌సైట్ అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి.